మార్తాకి ఉత్తరాలు: ఒక బడిపంతులి కవిత్వం

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికాలో తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి. 1976 నుంచీ పిల్లవాడి పుట్టువెంట్రుకలకో, కొత్త కారు పూజకో ఐదారు గంటలు డ్రైవ్ చేసుకుని ఆ గుడికి వెళ్ళిన కుటుంబాలు మనలో బోలెడు. అదే ఊరి యూనివర్సిటీలో 1980ల రెండో సగం నుంచి చాలా ఏళ్ళు పాఠాలు చెప్పిన ఒక దక్షిణాఫ్రికా పెద్దాయన గురించి మాత్రం మన సావనీర్లలో నేను చదివింది లేదు. ఆయన పేరు డెన్నిస్ బ్రూటస్. వృత్తి బడిపంతులు. వర్ణవివక్షని ఎదిరించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, తుపాకి గుండు దెబ్బ తిన్నాడు, రాబెన్ దీవిలో రాళ్ళు కొట్టాడు. దక్షిణాఫ్రికాని ఒలింపిక్స్ నుంచి వెళ్ళగొట్టించిన వాళ్ళలో ముందు వరసలో ఉన్నాడు. 2009 డిసెంబరు 26న కేప్‌టౌన్‌లో, ఎనభై అయిదేళ్ళ వయసులో చనిపోయాడు.

ఆయన గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఈ జీవితమంతా చెప్పి, చివర్లో ‘ఆయన మంచి కవి కూడా’ అని ఒక వాక్యం పారేస్తారు. ఆ ‘కూడా’తోనే నాకు పేచీ. ఇంత జీవితం ఉన్న మనిషి ఏం రాసినా గౌరవంగా చదవాలనే మొహమాటం ఒకటి మనకి ఉంటుంది. ఆ మొహమాటం కవికి మేలు చెయ్యదు. అందుకని ఈ వ్యాసంలో ఒకే ఒక్క పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని మాట్లాడదామనుకుంటున్నాను. అది 1968లో హైనమన్ వాళ్ళ ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్‌లో వచ్చిన ‘లెటర్స్ టు మార్తా’. ఈ పుస్తకం మీద తరచుగా వినపడే ఫిర్యాదు ఒకటుంది: ఇది కవిత్వం కాదు, విరిచి రాసిన వచనం అని. ఆ సాదాతనం లోటు కాదనీ, ఆ పుస్తకానికి అదే బలమనీ, అది బడిపంతులి పనిలోంచి వచ్చిన బలమనీ నా వాదన.

ముందు జీవితం కొంచెం చెప్పక తప్పదు. బ్రూటస్ 1924లో సాలిస్‌బరీలో, అంటే ఇప్పటి జింబాబ్వే రాజధాని హరారేలో పుట్టాడు. అమ్మానాన్నలు దక్షిణాఫ్రికా వాళ్ళు, ఇద్దరూ టీచర్లే. చిన్నప్పుడే కుటుంబం పోర్ట్ ఎలిజబెత్‌కి తిరిగొచ్చింది. ఫోర్ట్ హేర్‌లో ఇంగ్లీషు చదివి, దాదాపు పద్నాలుగేళ్ళు హైస్కూళ్ళలో ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ చెప్పాడు. 1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రకారం ఆయన ‘కలర్డ్’.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట. ఇరవయ్యేళ్ళకి పైగా డేటాబేసులతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఆ చట్టాన్ని చదివినప్పుడు నాకు కనపడింది ఒక టేబుల్. మనిషికొక వరస, వరసలో జాతి అని ఒక కాలమ్, ఆ కాలమ్ ఖాళీగా వదలడానికి వీల్లేదు. మనిషి ఎక్కడ ఉండాలి, ఏ బడిలో చదవాలి, ఎవర్ని పెళ్ళి చేసుకోవాలి, ఏ బెంచీ మీద కూచోవాలి, అన్నిటికీ ఆ ఒక్క కాలమే ఆధారం. ఒక తల్లి పిల్లలే వేరువేరు జాతులుగా నమోదైన కేసులున్నాయి. ఆ చట్టం రద్దయింది 1991లో.

బ్రూటస్ రాజకీయాల్లోకి వచ్చిన దారి కూడా బడిపంతులి దారే. స్కూల్లో పిల్లల ఆటల పోటీలు చూసుకునేవాడు. తన పిల్లలు బాగా పరిగెత్తుతున్నారు, కానీ ఎంత వేగంగా పరిగెత్తినా దేశం తరఫున పోయే అవకాశం లేదు, ఎందుకంటే ఆ కాలమ్ ఒప్పుకోదు. ఆయన ఒలింపిక్ చార్టర్ తీసి చదివాడు. ఆటల్లో జాతి వివక్ష కూడదని అందులో రాసి ఉంది. మీ రూలు మీరే పాటించడం లేదు కదా అన్నాడు. జవాబు పత్రం దిద్దే మాస్టారి పద్ధతి ఇది. 1958లో దక్షిణాఫ్రికా క్రీడా సంఘం, తరవాత సాన్‌రాక్ అనే జాతిభేదం లేని ఒలింపిక్ కమిటీ, ఇవి రెండూ ఈ పట్టుదలలోంచి పుట్టినవే.

దానికి ఆయన కట్టిన మూల్యం ఇది. 1961లో నిషేధపు ఉత్తర్వులొచ్చాయి, ఉద్యోగం పోయింది. 1963లో ఉత్తర్వులు ధిక్కరించి ఒలింపిక్ వ్యవహారం మీద ఒక సమావేశానికి వెళ్ళినందుకు అరెస్టు చేశారు. బెయిలు మీద ఉండగా స్వాజీలాండ్‌కి తప్పించుకుని, అక్కణ్ణించి మొజాంబిక్ మీదుగా జర్మనీలో జరిగే ఒలింపిక్ సమావేశానికి పోవాలనుకున్నాడు. మొజాంబిక్‌లో పోర్చుగీసు రహస్య పోలీసులు పట్టుకుని దక్షిణాఫ్రికాకి అప్పజెప్పారు. జొహానెస్‌బర్గ్ వీధిలో పారిపోబోతే వీపులో కాల్చారు. మొదట వచ్చిన అంబులెన్సు తెల్లవాళ్ళది. పడి ఉన్న మనిషి తెల్లవాడు కాదని వెళ్ళిపోయింది. రక్తం కారుతుండగా తన జాతి అంబులెన్సు వచ్చేదాకా ఆయన ఆగాల్సొచ్చింది. ఆ తరవాత పద్ధెనిమిది నెలల కఠిన శిక్ష. అందులో ఎక్కువ కాలం గడిచింది రాబెన్ దీవిలో. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి దక్షిణాఫ్రికాని రానివ్వలేదనే వార్త ఆయనకి అక్కడ రాళ్ళు కొడుతుండగా తెలిసింది. 1970లో ఆ దేశాన్ని ఒలింపిక్ ఉద్యమం నుంచే బయటికి పంపేశారు. మళ్ళీ అడుగుపెట్టింది 1992లో, బార్సిలోనాలో.

*

ఇక కవిత్వం. బ్రూటస్ మొదటి పుస్తకం ‘సైరన్స్, నకుల్స్, బూట్స్’ 1963లో నైజీరియాలోని ఇబాదాన్‌లో అచ్చయింది. అప్పటికి కవి జైల్లో ఉన్నాడు. పోలీసు సైరన్లు, తలుపు మీద పిడికిళ్ళు, బూట్ల చప్పుడు పేరులోనే ఉన్నాయి గానీ, లోపలి కవితలు ప్రేమ కవితల్లా ఉంటాయి. దేశమూ ప్రియురాలూ కలిసిపోయి, ఏది ఎవరో తేలని కవితలు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు కవి జాన్ డన్‌ని బాగా చదివిన చెయ్యి అని వెంటనే తెలుస్తుంది. చమత్కారం, మెలిక, రెండర్థాల మాటలు. చదువుకున్న పాఠకుడు మెచ్చుకునే కవిత్వం. నేనూ మెచ్చుకుంటాను.

‘మార్తా’ పుస్తకానికి వచ్చేసరికి ఇదంతా రాలిపోయింది. ఒంటరి కొట్లో ఉన్నప్పుడు తన పాత కవిత్వం మీద తనకే విసుగు పుట్టిందనీ, మామూలు మనిషికి అందని అలంకారం ఎందుకని వదిలేశాననీ బ్రూటస్ తరవాత చెప్పుకున్నాడు. అది ఒక కారణం. రెండో కారణం చట్టం. 1965లో విడుదలై గృహనిర్బంధంలో ఉన్నప్పుడు, అచ్చుకి పనికొచ్చేదేదీ రాయకూడదని ఆజ్ఞ. కవిత రాస్తే నేరం. కానీ ఇంట్లోవాళ్ళకి ఉత్తరం రాస్తే దాన్ని ప్రచురణ అనలేరు. మార్తా ఆయన సోదరుడి భార్య. ఆ సోదరుడు అప్పటికి రాబెన్ దీవిలోనే ఉన్నాడు.

మూడో కారణం, నా ఉద్దేశంలో అసలు కారణం, ఇక్కడ ఉంది. మార్తాకి ఒక అవసరం ఉంది. భర్త ఉన్న చోటు ఎలాంటిదో ఆమెకి తెలియదు, ఈయనకి తెలుసు. లోపల ఏం జరుగుతోందో తెలియకపోవడమే బయట ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద నరకమని ఒక ఉత్తరంలో ఆయనే అంటాడు. కాబట్టి చెప్పాలి. అయితే ఎలా చెప్పాలి? ఉన్నదానికన్నా భయంకరంగా చెబితే ఆమె కుంగిపోతుంది. తగ్గించి చెబితే అబద్ధం. వీరగాథలా చెబితే అంతకన్నా పెద్ద అబద్ధం. ఎదురుగా కూచున్నవాళ్ళకి తెలియనిదాన్ని, వాళ్ళు తట్టుకోగలిగే క్రమంలో, నిజం చెడకుండా చెప్పడం టీచరు రోజూ చేసే పని. ‘లెటర్స్ టు మార్తా’ ఆ పని చేసింది.

ఆ క్రమం చూడండి. మొదటి ఉత్తరంలో శిక్ష పడ్డ క్షణం. అక్కడ ధైర్యం ఒక్కటే లేదు. ఏదో ఒకటి తేలిపోయిందన్న ఊరట, ముందున్న రోజుల బరువు, కాస్త వీరత్వం, కాస్త స్వానుకంప, తనకన్నా ఎక్కువ భరించినవాళ్ళున్నారన్న ఎరుక, అన్నీ కలగలిసి ఉంటాయి. రెండో దాంట్లో మేకులు, మరలు, ఇనుప ముక్కలు. వీటిని ఎందుకు వెనక్కి ఇచ్చెయ్యమంటారో, ఇవ్వకుండా దాచుకున్నవాడు వాటితో ఏం చెయ్యగలడో చెబుతాడు. పాఠం వస్తువులతో మొదలవుతుంది. తరవాత మతం వైపు మళ్ళే మనసు, పిచ్చెక్కిన మనుషులు, జైల్లో మగవాళ్ళ మధ్య జరిగే లైంగిక హింస, దానికి లొంగినవాళ్ళు, అమ్ముకున్నవాళ్ళు. మన ఇళ్ళల్లో సోదరుడి భార్యతో ఈ విషయం ఎత్తం. బ్రూటస్ ఎత్తాడు. గొంతు పెంచలేదు, మొహం తిప్పుకోలేదు. అటువైపు వెళ్ళిన ఖైదీల మీద తీర్పు చెప్పలేదు. అయితే ఆ చోటంతా భయమే అనుకోవద్దని, అక్కడ స్నేహమూ ఉందని ఆమెకి చెప్పడం మర్చిపోలేదు.

చివరిదైన పద్ధెనిమిదో ఉత్తరం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒక రాత్రి ఒంటరితనం తట్టుకోలేక లేచి, నక్షత్రాలు కనపడతాయేమోనని లైటు ఆర్పే సాహసం చేస్తాడు. కాపలా మెషిన్‌గన్ దగ్గర్నించి గద్దింపు వినపడుతుంది. చివరికి తనకి గుర్తుండిపోయింది ఆ గద్దింపే అంటాడు. ఇంకో కవి అయితే నక్షత్రాలనే గుర్తుంచుకునేవాడు, కనీసం అలా రాసేవాడు. గుర్తున్నదే రాయడం ఈ పుస్తకం ధర్మం.

*

ఈ ఉత్తరాలు కొన్ని తెలుగు చేద్దామని కూచున్నప్పుడు ఒక చిన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది. బ్రూటస్ చాలాచోట్ల ‘నేను’ అనడు, ‘మేము’ అనడు, ఇంగ్లీషులో ‘వన్’ అంటాడు. ఎవరో ఒక మనిషి, ఎవరైనా సరే, అని. మనకి ఆ సర్వనామం లేదు. ‘మనం’ అంటే చదివేవాణ్ణి కూడా జైల్లో పెట్టినట్టవుతుంది. ‘మేము’ అంటే మార్తా బయటికి పోతుంది. ‘నేను’ అంటే ఆత్మకథ అయిపోతుంది. క్రియ చివర్లో ప్రత్యయం తప్పకుండా ఎవరో ఒకరిని చూపిస్తుంది కాబట్టి తెలుగులో తప్పించుకోవడం కష్టం. చివరికి చాలాచోట్ల ‘మనిషి’ అని రాసుకున్నాను. ‘మనిషికి త్వరగానే తెలిసిపోతుంది’ అన్న ధోరణిలో.

అలా రాస్తున్నప్పుడే ఆ మాట విలువ తెలిసింది. అన్నిటికీ జాతి కాలమ్ నింపి తీరాలన్న దేశంలో, ఆ కాలమ్ లేని సర్వనామం అది. పుస్తకం అంతా ఆ సర్వనామంలో నడిచి, పద్ధెనిమిదో ఉత్తరంలో నక్షత్రాల కోసం లేచేటప్పుడు ‘నేను’ గట్టిగా వినపడుతుంది. అంతవరకూ కూడబెట్టుకున్న ‘నేను’ని అక్కడ ఖర్చు పెట్టినట్టుంటుంది. దీన్ని విరిచి రాసిన వచనం అనేవాళ్ళు ఈ లెక్క చూడలేదేమో అని నా అనుమానం.

ఈ మాటకీ మనిషికీ పొంతన ఉంది. మొదటి పుస్తకానికి అంబారీ వాళ్ళు బహుమతి ఇస్తే, అది నల్లవాళ్ళకి మాత్రమే పెట్టిన బహుమతి అని తిప్పి పంపేశాడు. కాలమ్ తనకి లాభం చేసినప్పుడు కూడా వద్దన్నాడు. 2007 డిసెంబరులో దక్షిణాఫ్రికా క్రీడా గౌరవ మందిరంలో ఆయన పేరు చేర్చబోతే, సభకి వెళ్ళి మరీ తిరస్కరించాడు. వివక్ష కాలపు క్రీడలతో అంటకాగినవాళ్ళ పక్కన, ఆ వివక్షకి బలైనవాళ్ళ పేర్లు పెట్టి ఏమీ జరగనట్టు ఉండలేనన్నాడు.

మన వృత్తివాళ్ళకి ఇంకో కొస ఉంది. వర్ణవివక్ష ప్రభుత్వానికి తోడ్పడిన కంపెనీలు పరిహారం ఇవ్వాలని 2002లో న్యూయార్క్ కోర్టులో బాధితులు వేసిన దావాలో బ్రూటస్ కూడా ఒక వాది. ప్రతివాదుల్లో ఐబీఎమ్ ఉంది. గుర్తింపు పత్రాల వ్యవస్థకి కంప్యూటర్లు, ప్రోగ్రాములు సమకూర్చిందని ఆరోపణ. విదేశంలో జరిగిన వ్యవహారాల మీద అమెరికా కోర్టుల అధికారానికి సుప్రీంకోర్టు 2013లో వేరే కేసులో గిరి గీశాక, 2014లో ఈ దావా కొట్టేశారు. 2016లో సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. అప్పటికి బ్రూటస్ పోయి ఆరేళ్ళు దాటింది. కోర్టులో దావా నిలవలేదు గానీ, క్లయింటు అడిగిన కాలమ్ చేర్చడం వట్టి సాంకేతిక పనేనా అన్న ప్రశ్న మాత్రం నాబోటి వాళ్ళ టేబుల్ మీద ఉండిపోయింది.

*

మెచ్చుకోవడం అయింది, ఇప్పుడు పేచీలు. ‘మార్తా’లోనే అన్ని ఉత్తరాలూ ఒక్క ఎత్తున లేవు. మతం గురించి, మనసు గురించి సాధారణ వ్యాఖ్యలు చేసినచోట ఇంగ్లీషు మాస్టారి లాటిన్ మాటలు బరువుగా వచ్చి పడతాయి. మేకు చెప్పినంత స్పష్టంగా ఆ మాటలు ఏమీ చెప్పవు.

అసలు ఇబ్బంది ప్రవాసంలో రాసినవాటితో. 1966లో తిరిగి రాకూడదన్న షరతు మీద దేశం విడిచి, బ్రూటస్ లండన్ చేరాడు. 1970ల మొదట్లో అమెరికా వచ్చి, షికాగో పక్కన నార్త్‌వెస్టర్న్‌లో ప్రొఫెసరయ్యాడు. ఊరూరా తిరుగుతూ విమానాల్లో, ఎయిర్‌పోర్టుల్లో, హోటళ్ళలో చిన్న చిన్న కవితలు రాశాడు. 1970లో ‘థాట్స్ అబ్రాడ్’ని జాన్ బ్రూయిన్ అన్న మారుపేరుతో వేస్తే, ఆయన పేరు నిషేధంలో ఉన్న స్వదేశంలో కూడా కొన్నాళ్ళు అమ్ముడుపోయింది. ఆ యుక్తికి నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది. కానీ కవితలు? బెంగ, ఆశ, కోమలత్వం లాంటి మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. 1975 నాటి ‘చైనా పోయెమ్స్’లో కవితలు ఎంత కుదించాడంటే, కొన్నిట్లో పదాలు మిగిలి విషయం జారిపోయింది. తరవాతి పుస్తకాల్లో నాయకుల మీద, అమరుల మీద రాసినవి ఆ సభలో చదివినప్పుడు బాగుండి ఉంటాయి. ఆ సభ అయిపోయాక ఒంటరిగా నిలబడేవి తక్కువ.

ప్రతిభ తగ్గిందని నేననను. మార్తా లేదు. ‘నాకు ఈ సంగతి తెలియాలి’ అని అవతల కూచున్న ఒక మనిషి లేదు. అందరి కోసం రాసిన కవిత ఎవరి చేతికీ అందకుండా గాలిలో ఉండిపోయింది.

మన చెరబండరాజుని పక్కన పెట్టి చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. ఆయనా బడిపంతులే, హైదరాబాదులో తెలుగు మాస్టారు. ఆయనా కవిత్వానికి జైలు చూశాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు, 1982లో నలభై నిండకుండానే పోయాడు. దిగంబర కవిగా మొదలై, తరవాత మాట సులువు చేసుకుని పాట వైపు వెళ్ళాడు. బ్రూటస్ ఉత్తరం వైపు వెళ్ళాడు. పాటకి గుంపు కావాలి, చెరబండరాజుకి ఆ గుంపు ఎదురుగా ఉంది. ఉత్తరానికి ఒక్క మనిషి చాలు, బ్రూటస్‌కి ఆ ఒక్క మనిషి ఉన్నంతకాలం ఉంది. ఇద్దరూ అలంకారం వదిలింది ఎదుటివాళ్ళ కోసమే.

*

ఇక మన సంగతి. మన పాత ఉత్తరాలు ‘ఉభయకుశలోపరి’ అని మొదలయ్యేవి. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. తరవాత ఎన్ని పేజీలు రాసినా ఆ మొదటి మాట మీద మచ్చ పడనిచ్చేవాళ్ళం కాదు. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు, 2008లో బ్యాంకులు కూలినప్పుడు, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఇంటికి ఫోన్ చేసి ‘ప్రాజెక్టు మారుతున్నా’నని చెప్పినవాళ్ళు మనలో కొల్లలు. అమ్మ కంగారుపడుతుందని అలా అంటాం. తప్పనను. కానీ కథ రాసేటప్పుడు కూడా అదే గొంతుతో రాస్తున్నాం. మన సంకలనాల్లో గోంగూర మీద బెంగ ఉంది, స్నో మీద వర్ణన ఉంది. స్టేటస్ పోయిన మనిషి ఇంట్లో కూచుని ఏం చేస్తాడో, భార్యతో ఏం మాట్లాడతాడో, ఎవరి దగ్గర దాక్కుంటాడో చెప్పే పేజీలు తక్కువ.

ఆ అవస్థ కూడా బ్రూటస్ పడ్డాడు. 1980లో రొడీషియా జింబాబ్వే కాగానే ఆయన బ్రిటిష్ పాస్‌పోర్టు చెల్లకుండా పోయింది, వీసా కాగితాలు తిరగబడ్డాయి. రీగన్ ప్రభుత్వం వెళ్ళగొట్టడానికి చూసింది. యూనివర్సిటీలు, రచయితలు, విద్యార్థులు వెనక నిలబడితే 1983లో షికాగోలో ఆశ్రయం దొరికింది. జైలు గురించి మార్తాకి చెప్పినంత నిదానంగా ఆ మూడేళ్ళ గురించి ఇమ్మిగ్రేషన్ ఆఫీసు వరండాలోంచి ఎవరికైనా ఉత్తరాలు రాసి ఉంటే, ఆ పుస్తకం మనకి ఇంకా దగ్గరిదయ్యేది. పాఠకుడిగా నాకున్న దురాశ అది.

చదవాలనుకున్నవాళ్ళకి ఒక సలహా. ఆయన తొలి పుస్తకాలు చాలావరకు 1973 నాటి ‘ఎ సింపుల్ లస్ట్’లో ఒకేచోట దొరుకుతాయి. వ్యాసాలు, ఇంటర్వ్యూలు కూడా కావాలంటే 2006లో వచ్చిన ‘పోయెట్రీ అండ్ ప్రొటెస్ట్’ చూడండి. ముందు మార్తాకి రాసినవి చదవండి. అన్నీ ఒక్క గంటలో అయిపోతాయి. చదివాక, మీరు రాయబోయే కథకి మీ మార్తా ఎవరో, ఆమెకి తెలియాల్సింది ఏమిటో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ పేరు రాయలేకపోతే కథ ఇంకొన్నాళ్ళు ఆగినా నష్టం లేదు.